కాలువ మీద వెలసిన సంత

దక్షిణ దిల్లీలో ఐ.ఎన్.ఏ. మార్కెట్టుకు ఎదురుగా సుమారు 6 ఎకరాల స్థలంలో దిల్లీ హాట్ ఉంది. 1994 మార్చిలో తెరిచిన ఈ అంగడిలో చేతిపనివారికి కేటాయించే కొట్లకు శాశ్వత యజమానులు ఉండరు. సరుకు చేసినవారే వచ్చి పదిహేను రోజులు కూర్చుని అమ్ముకుంటారు. గడువు తీరగానే మూటాముల్లె సర్దుకొని ఇంకొకరికి చోటిచ్చి వెళతారు. కొట్ల నడుమ ఖాళీ జాగాలో నాట్యమో పాటో సాగుతుంటుంది. ఒక పక్కన రాష్ట్రానికొకటిగా తిండి దుకాణాలు ఉంటాయి. దేశంలో ఆ తరవాత వెలిసిన చాలా చేతివృత్తుల బజార్లు దీన్ని చూసి కట్టినవే. ఈ పద్ధతి మాత్రం 1994లో ఉన్నట్టుండి పుట్టింది కాదు. అమ్మేచోటే పని చూపించాలి, పిల్లలకు నేర్పాలి, కట్టడం నేలకు బరువు కాకూడదు అనే ఆలోచనలకు అప్పటికే డెబ్బై ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో కొంత తెలుగునాట జరిగింది.

వారపు సంత దీనికి మూలం. అరకులో శుక్రవారం సంత జరుగుతుంది. మిగతా రోజుల్లో ఆ మైదానం ఖాళీ. అమ్మేవారు ఇవాళ ఒక ఊళ్లో, రేపు ఇంకో ఊళ్లో కనిపిస్తారు. నేల ఎవరి సొంతమూ కాదు. నాలుగు కర్రలు, ఒక పట్టా, కింద పరిచే గోనె ఉంటే కొట్టు తయారవుతుంది, సాయంత్రానికి మాయమవుతుంది. కుండ కొనేవారికి కుమ్మరి తెలుసు, బుట్ట కొనేవారికి మేదరి తెలుసు. పట్టణం పెరిగి మధ్యలో వర్తకుడు వచ్చాక పోయింది ఈ ముఖపరిచయమే. తరవాతి ప్రయత్నాలన్నీ దాన్ని పట్టణంలోకి తిరిగి తీసుకురావడానికి జరిగినవే.

స్వదేశీ ఉద్యమంలో ఆ ప్రయత్నం మొదట బడి రూపం తీసుకుంది. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపని నేర్పడం దాని లక్ష్యం. తరవాతి కాలంలో బెంగాల్ చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. యువకుల చేతికి పని, దానితో పాటు కంటికి చూపు అందించాలనుకున్న తొలి తెలుగు సంస్థల్లో అది ముఖ్యమైనది. చేసిన వస్తువు ఎక్కడ అమ్మాలన్న ప్రశ్నకు అప్పట్లో దొరికిన జవాబు కాంగ్రెస్ మహాసభల పక్కన జరిగే స్వదేశీ ప్రదర్శన. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా ఖద్దరు ప్రదర్శన పెట్టారు. పద్నాలుగేళ్ల దుర్గాబాయి అక్కడ వాలంటీరు. టికెట్టు లేనివారిని లోపలికి పంపవద్దని చెప్పారు గనక ఆమె జవాహర్‌లాల్ నెహ్రూను గుమ్మం దగ్గర ఆపేశారు. టికెట్టు కొన్నాకే వెళ్లనిచ్చారు. అందరికీ తెలిసిన ఈ కథలో తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ ప్రదర్శన నడిచింది అలాంటి పిల్లల చేతుల మీదుగానే.

కట్టడం గురించి ఆలోచించినవారు శాంతినికేతన్ వారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శ్రీనికేతన్‌ను ఆరంభించారు. ఊళ్ల బాగుతో పాటు నేత, చెక్కపని, తోలుపని వంటి వృత్తుల శిక్షణ దాని పనుల్లో భాగం. శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో బోధించిన చిత్రకారుడు నందలాల్ బోస్‌కు గాంధీజీ కాంగ్రెస్ ప్రాంగణాల అలంకరణ అప్పగించారు. 1936 డిసెంబరులో ఫైజ్‌పూర్, 1938 ఫిబ్రవరిలో హరిపురా, రెండూ పల్లెటూళ్లే. పట్నం నుంచి సామగ్రి తెప్పించకూడదన్నది షరతు. వెదురు, గడ్డి, తాటాకు, ఖద్దరు, చుట్టుపక్కల దొరికే మట్టిరంగులు, వీటితోనే పని కానివ్వాలి. హరిపురా కోసం నందలాల్ ఎనభై దాకా బొమ్మలు వేశారు. వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు, దూదేకులవాడు, వీణ వాయించే ఆమె, ఇలా ఊరి మనుషులే వాటిలో ఉన్నారు. శిష్యులు వాటికి నకళ్లు తీశారు, ద్వారాలకూ పందిళ్లకూ తగిలించారు. సభ ముగిశాక వెదురూ గడ్డీ మళ్లీ ఏదో పాకకు పనికొచ్చే సామానే. పర్యావరణానికి మేలు చేసే కట్టడం అని ఇప్పుడు వాస్తుశిల్పులు చెప్పే మాటలో సగం అక్కడ ఉంది, ఆ పేరు పెట్టకుండానే.

నందలాల్ జ్ఞాపకంగా 1973 నుంచి కళాభవన్‌లో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతోంది. విద్యార్థులు తాము చేసిన కుండలు, అచ్చుబొమ్మలు, డైరీలు, నగలు అమ్ముతారు. వచ్చిన డబ్బు ఆపదలో ఉన్న విద్యార్థుల నిధికి చేరుతుంది. నగరంలో దుకాణం ఖర్చు లేకుండా రెండు రోజులకే వెలసి వెళ్లిపోయే ఈ అంగడి, యువతకు సృజన కేంద్రమూ అమ్మకం స్థలమూ ఒకటే కావచ్చునని చూపిన ఉదాహరణల్లో అన్నిటికన్నా సాదాసీదాది, బహుశా అన్నిటికన్నా నిజాయితీ గలది.

స్వాతంత్ర్యం తరవాత ప్రభుత్వం ఎంచుకున్న దారి ఎంపోరియం. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. కమలాదేవి చటోపాధ్యాయ దానికి నాయకత్వం వహించారు. దిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణ ఆమె నడిపిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ చేతికి వచ్చింది. కమలాదేవి దుకాణంతో సరిపెట్టలేదు. నేర్పేవారు పోతే అమ్మడానికి ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. శ్రీకాళహస్తిలో చేతికలంతో వేసే కలంకారీ దాదాపు కనుమరుగయ్యే దశలో, ఆమె చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం తెరిచారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా యువకులకు పని నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు దేశంలో ఏ హస్తకళల బజారులోనైనా కాళహస్తి కలంకారీ కనిపిస్తోందంటే దానికి మూలం ఆ శిక్షణ కేంద్రమే.

రాష్ట్రాలు కూడా ఇదే బాట పట్టాయి. చేనేతకు ఆప్కో, హస్తకళలకు లేపాక్షి దుకాణాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చాయి; దిల్లీలో రాష్ట్రాల ఎంపోరియాలన్నీ బాబా ఖడక్ సింగ్ మార్గ్ మీద ఒకే వరసలో నిలిచాయి. వాటివల్ల నిర్మల్ బొమ్మ, కొండపల్లి బొమ్మ దేశం నలుమూలలకూ చేరాయి. కానీ ఎంపోరియంలో కౌంటరు వెనక నిలబడేది ఉద్యోగి. ఏటికొప్పాక లక్కపిడత ఎవరు చేశారో ఆయన చెప్పలేడు, చెప్పాల్సిన అవసరమూ ఆయనకు లేదు. కొనేవారికి ఏ రంగు నచ్చిందో, ఏ కొలత కావాలో తెలిసే మార్గం చేసేవారికి లేదు. సరుకు గోదాములో ఎంత కాలం ఉంటుందో, డబ్బు ఎప్పుడు వస్తుందో కార్యాలయం చెప్పాలి. చేతివృత్తికి అద్దాల గది గౌరవం ఇచ్చింది. చేతివృత్తివాడికి మాత్రం ఆ గదిలో కుర్చీ వేయలేదు.

ఆ కుర్చీ వేయడానికి 1970, 80 దశకాల్లో వేరువేరు చోట్ల ప్రయత్నాలు జరిగాయి. ప్రగతి మైదానంలో 1972 నాటి ఆసియా ప్రదర్శన కోసం కట్టిన పల్లె ఇళ్ల సముదాయం తరవాత హస్తకళల మ్యూజియంలో భాగమైంది. అక్కడికి దేశం నలుమూలల నుంచి కళాకారులను పిలిపించి, సందర్శకుల ఎదుట పనిచేస్తూ అమ్ముకునే ఏర్పాటు చేశారు. హరియాణా ప్రభుత్వం 1987లో సూరజ్‌కుండ్ మేళా మొదలుపెట్టింది. ఏటా ఒక రాష్ట్రాన్ని ముఖ్య అతిథిగా తీసుకునే ఈ మేళాలో 2016లో ఆ స్థానం తెలంగాణకు దక్కింది. ఉదయ్‌పూర్ దగ్గర పడమటి రాష్ట్రాల సాంస్కృతిక కేంద్రం 1989లో శిల్పగ్రామ్ ఆరంభించింది. అక్కడి గుడిసెలను ఆయా రాష్ట్రాల పద్ధతిలో మట్టితో, రాయితో, గడ్డితో కట్టారు.

మేళాకు ఉన్న చిక్కు అది మేళా కావడమే. ఏడాదిలో పదిహేను రోజుల అమ్మకంతో మగ్గం ఏడాదంతా ఆడదు. దిల్లీ హాట్ ఆలోచన చేసిన జయా జైట్లీ గుజరాత్ ప్రభుత్వ ఎంపోరియం గుర్జరికి డిజైన్, మార్కెటింగ్ సలహాదారుగా పనిచేశారు గనక దుకాణం లోపాలూ ఆమెకు తెలుసు. 1986లో చేతిపనివారితో దస్త్‌కారీ హాట్ సమితి ఏర్పాటు చేసి, నగరంలో తాత్కాలిక బజార్లు నడిపారు. సంత ఏడాది పొడవునా ఉండాలి, సంతలో కూర్చునేవారు మాత్రం మారుతూ ఉండాలి అన్నది ఆమె ప్రతిపాదన. ఎంపోరియంకు ఉన్న స్థిరమైన చిరునామా, వారపు సంతకు ఉన్న చలనం రెండూ అందులో కలిశాయి. ప్రతిపాదన కాగితం మీద ఉండిపోకుండా దిల్లీ పర్యాటక సంస్థ, న్యూదిల్లీ పురపాలక మండలి, కేంద్ర ప్రభుత్వ జౌళి, పర్యాటక శాఖలు చేతులు కలిపాయి. ఇన్ని కార్యాలయాలు ఒక అంగడి కోసం ఏకం కావడం, ఏ కాలంలోనైనా అరుదైన విషయమే.

స్థలం విషయంలో ఎవరూ పోటీ పడలేదు. కారణం అది పనికిరాని నేల. ఐ.ఎన్.ఏ. మార్కెట్టు ఎదురుగా పోయే పెద్ద మురుగు కాలువను పైన కప్పగా మిగిలిన జాగా అది. అంత ఖరీదైన ప్రాంతంలో, కొత్తగా ఒక్క గజం సాగుభూమి గానీ తోట గానీ తీసుకోకుండా ఒక బహిరంగ ప్రదేశం దొరికింది. కప్పిన కాలువ మీద బరువైన భవనం లేపడం కుదరదు. వాస్తుశిల్పి ప్రదీప్ సచ్‌దేవా దాన్ని లోపంగా తీసుకోలేదు. అంతస్తులు లేవు, ఏసీ లేదు, గాజు ముఖద్వారం లేదు. ఎర్ర ఇటుకతో తక్కువ ఎత్తున కొట్లు, గాలి ఆడే ఇటుక జాలీ గోడలు, రాతి పరుపు, కొన్ని పందిళ్ల మీద గడ్డి కప్పు. ఉన్న చెట్లకు తోడు నాటిన చెట్లు. కొనేవారు ఎండలో నడిచి నీడలో ఆగుతారు. ఆగినచోట ఒక కొట్టు ఉంటుంది.

ఈ అమరికలో అరుగుకు ప్రత్యేక స్థానం ఉంది. కొన్ని కొట్లకు గోడలు కూడా లేవు. పైకప్పు కింద ఎత్తైన అరుగు ఉంటుంది, దాని మీద సరుకు పరుచుకొని కూర్చుంటారు. చూసేవారికీ చేసేవారికీ నడుమ అద్దం, కౌంటరు ఏదీ ఉండదు కాబట్టి మాట కలపడం సులువు. తెలుగువారి ఇంటి ముందు అరుగు చేసిన పని కూడా అదే. ఆవరణ మధ్యలో బహిరంగ వేదిక ఉంది. రాష్ట్రాల పండుగలకు, జానపద కళలకు, విద్యార్థుల కార్యక్రమాలకు దాన్ని ఇస్తారు. చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా కొట్లలోకి వెళ్లగలిగేలా దారులు ఉన్నాయి.

నిర్వహణ నియమాలు కట్టడం కన్నా కీలకమైనవి. కేంద్ర హస్తకళల లేదా చేనేత కమిషనర్ కార్యాలయం గుర్తించిన చేతిపనివారు దరఖాస్తు చేసుకోవాలి. కొట్టు పదిహేను రోజులకు మాత్రమే, నామమాత్రపు అద్దెకు ఇస్తారు. లోపలికి రావడానికి తక్కువ ధర టికెట్టు ఉంటుంది. ఊరికే వచ్చి గుంపు చేరేవారిని అది కాస్త తగ్గిస్తుంది, నిర్వహణకు కొంత రాబడి కూడా ఇస్తుంది. టికెట్టుకు డబ్బు పెట్టినవారు ఖాళీ చేతులతో వెళ్లడానికి ఇష్టపడరన్న వ్యాపార మనస్తత్వం కూడా ఇక్కడ పనిచేస్తుంది. పక్షానికోసారి సరుకు మారుతుంది కాబట్టి, పోయిన నెల పోచంపల్లి ఇక్కత్ కొన్న మనిషి ఈ నెల నిమ్మలకుంట తోలుబొమ్మల దీపం కోసం మళ్లీ వస్తారు. కొత్తదనం కోసం ఎవరూ అలంకరణ మార్చనక్కరలేదు.

ఈ పదిహేను రోజులు చేతివృత్తి కుటుంబాల్లోని యువతకు చదువులాంటివి. తండ్రి అరుగు మీద కూర్చుని గీత గీస్తుంటే, కొనేవారితో హిందీలోనో ఇంగ్లీషులోనో బేరం మాట్లాడేది కొడుకో కూతురో. కలంకారీ చీరలోని రామాయణ ఘట్టం పూర్తిగా కొనలేనివారు దుపట్టా అడుగుతారు, టేబులు మీద పరిచే గుడ్డ అడుగుతారు, లాప్‌టాప్ సంచి అడుగుతారు. ఆ అడిగినవి ఊరికి వెళ్లాక కొత్త పనులవుతాయి. డిజైన్ కళాశాలల విద్యార్థులు కూడా ఇక్కడికి వస్తారు. పల్లెకు పోకుండానే పది రాష్ట్రాల పనివారితో మాట్లాడే వీలు వారికి ఇక్కడ దొరుకుతుంది. దస్త్‌కారీ హాట్ సమితి ఏటా జనవరి మొదటి పక్షంలో ఇక్కడ బజారు నడుపుతుంది. పొరుగు దేశాల కళాకారులను పిలిచి మనవారితో కలిపి పని చేయించడం, అక్షర పేరుతో ప్రాంతీయ లిపులను బట్టల మీదా చెక్క మీదా అలంకారంగా మలిపించడం లాంటివి సమితి చేసిన ప్రయోగాలు. తమ వృత్తి తప్ప అక్షరాలతో పెద్ద పరిచయం లేని పనివారు కూడా సొంత లిపిని కొత్త కళ్లతో చూశారు.

ఆవరణలో కనిపించే యువతలో ఎక్కువమంది చీర కోసం కాక ఈశాన్య రాష్ట్రాల కొట్లలోని మోమోల కోసం వస్తారన్నది దిల్లీవారందరికీ తెలిసిన నిజం. దాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు. మోమో తినడానికి వచ్చినవారు వెళ్లేటప్పుడు కొట్ల ముందునుంచే వెళ్లాలి. దారి అలా వేశారు.

వైఫల్యాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. గుర్తింపు కార్డులను వ్యాపారులు అద్దెకు తీసుకుంటున్నారని, కేటాయింపు ఒకరి పేర ఉంటే కూర్చునేది ఇంకొకరని, మరమగ్గం బట్ట చేనేత పేరుతో అమ్ముడవుతోందని ఫిర్యాదులు ఏళ్ల తరబడి వస్తున్నాయి. ఈ హాట్ ఆలోచన చేసిన జయా జైట్లీ స్వయంగా దీన్ని బహిరంగంగా విమర్శించారు. ఏడాదంతా అవే ముఖాలు, అవే చవక నగలు కనిపిస్తే, హాట్‌కూ వీధి చివరి మార్కెట్టుకూ తేడా ఉండదు. కట్టడం ఎంత బాగున్నా ఈ జబ్బుకు మందు కాదు. కేటాయింపు కచ్చితంగా జరగడమొక్కటే మందు.

పోలిక కోసం హైదరాబాద్‌లోని శిల్పారామం చూడవచ్చు. 1992లో మాదాపూర్‌లో సుమారు 65 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టినప్పుడు చుట్టూ బండరాళ్లు, తుప్పలే. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. అంటే ఊరు శిల్పారామం దగ్గరికి వచ్చింది గాని, శిల్పారామం ఊరి దగ్గరికి పోలేదు. రాళ్లను పగలగొట్టకుండా చాలావరకు అలాగే ఉంచి మధ్యలో దారులు, పాకలు అమర్చారు. పల్లె వృత్తులను నిలువెత్తు బొమ్మలతో చూపే గ్రామీణ మ్యూజియం పిల్లలకు ఇష్టమైన చోటు. దేశవ్యాప్త హస్తకళల మేళా ఏటా డిసెంబరు ప్రాంతంలో జరుగుతుంది. బహిరంగ వేదిక మీద కూచిపూడి, పేరిణి నేర్చుకునే పిల్లలకు ప్రదర్శన అవకాశం దొరుకుతుంది. నగరంలోని ఎందరో నాట్య గురువుల శిష్యులు మొదటిసారి జనం ముందు ఆడింది ఇక్కడే. విశాలమైన జాగా శిల్పారామానికి బలం. ఉద్యానవనం, బోటు షికారు, పెళ్లి ఫొటోలు, తిండి, అన్నీ చేరాక కొనుగోలు వెనకబడటం బలహీనత. 6 ఎకరాల హాట్‌లో కొట్టు కనబడకుండా తప్పించుకోలేరు. 65 ఎకరాల పార్కులో అది చాలా సులువు. శిల్పారామం యువతకు వేదికగా హాట్ కన్నా మెరుగు, అంగడిగా వెనక. 2019లో ఉప్పల్ వైపు చిన్న శిల్పారామం తెరవడంతో నగరం తూర్పు కొసకు కూడా ఈ సౌకర్యం అందింది.

దిల్లీలో మొదటి హాట్ విజయం చూసి పర్యాటక సంస్థ మరో రెండు కట్టింది. పీతంపురలో 2008లో ఒకటి, జనక్‌పురిలో 2014 జులైలో ఇంకొకటి తెరిచాయి. జనక్‌పురి హాట్‌కు ఆర్కోమ్ సంస్థ డిజైన్ చేసింది. సంగీత నాట్యాలను ప్రధానాంశంగా తీసుకొని వెదురు పట్టీలతో ఎత్తైన బురుజులు నిలబెట్టారు; బహిరంగ రంగస్థలం, సభామందిరం, సంగీత గ్రంథాలయానికి చోటు కల్పించారు. యువత సృజన కేంద్రంగా కాగితం మీద ఇది మొదటిదాని కన్నా ఎంతో ముందుంది. కానీ ఐ.ఎన్.ఏ. హాట్ పక్కన కూరగాయల మార్కెట్టు ఉంది, రెండు మెట్రో లైన్లు ఉన్నాయి, అప్పటికే పదిహేను ఇరవై ఏళ్ల జనం అలవాటు ఉంది. కొత్త హాట్‌లకు ఇవన్నీ కలిసి రాలేదు. కొనుగోలుదారులు తగ్గితే పనివారు కూడా అక్కడి కొట్టు అడగరు.

2025 ఏప్రిల్ 30 రాత్రి ఐ.ఎన్.ఏ. హాట్‌లో అగ్నిప్రమాదం జరిగింది. పాతికకు అటూ ఇటూగా కొట్లు కాలిపోయాయి; ప్రాణనష్టం జరగలేదు. బట్ట, గడ్డి, వెదురు, చెక్క, కాగితం ఒకే చోట ఉన్న తేలికపాటి కట్టడానికి గాలీ వెలుతురూ ఎంత వరమో నిప్పు అంత శాపం. నష్టపోయినవారు కొట్ల యజమానులు కారు. ఆ పక్షానికి కొట్టు దక్కించుకొని, నెలల తరబడి చేసిన సరుకంతా రైల్లో తెచ్చుకున్న పనివారు. శాశ్వత దుకాణదారుకు ఉండే బీమా, గోదాము వీరికి ఉండవు. పక్షానికొకరు మారే పద్ధతిలో అన్నిటినీ ఆలోచించిన రూపకర్తలు, పదిహేను రోజుల అతిథి సరుకుకు బీమా సంగతి ఎవరిదన్నది తేల్చకుండా వదిలేశారు. ఇక మీదట ఇలాంటి బజారు ఎక్కడ కట్టినా, ఇటుకా వెదురూ ఎంచుకోవడం కన్నా ముందు తేల్చవలసిన లెక్క అది.